రోడ్డు మీద న్యాయం: దయ మనకు, దండన ఇతరులకా?

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంట దాటాక హైదరాబాదులో ఏ పెద్ద మసీదు దగ్గర నిలబడి చూసినా దాదాపు ఒకటే దృశ్యం. లోపల ఖుత్బా మొదలై ఉంటుంది. ఆలస్యమైన వారు పరుగున వస్తుంటారు. బండిని ఎక్కడ ఖాళీ కనబడితే అక్కడ, ఒక్కోసారి రోడ్డు మధ్యకు కూడా తోసి, తాళం జేబులో వేసుకుని సఫ్‌లో చేరిపోతారు. సగం రోడ్డు స్కూటర్లతో, మోటారు సైకిళ్ళతో నిండిపోతుంది. మిగిలిన సగంలో సిటీ బస్సు, ఆటోలు, బడి పిల్లల వ్యాను ఒకదాని వెనుక ఒకటి ఇరుక్కుని హారన్లు కొడుతుంటాయి. మూలన ట్రాఫిక్ కానిస్టేబుల్ ఉంటాడు. అతని చేతిలో కెమెరా ఉంటుంది. ‘నో పార్కింగ్’ బోర్డు అతని తల మీదే ఉంటుంది. అయినా ఒక్క ఫోటో తీయడు. పైగా ఈల ఊదుతూ వచ్చే వాహనాలను పక్క సందులోకి మళ్ళిస్తాడు. అరగంటలో నమాజు ముగుస్తుంది. రోడ్డు మళ్ళీ రోడ్డవుతుంది.

ఆ అరగంట సేపు ఆ కానిస్టేబుల్ చూపిన ఓర్పును మనం మామూలు విషయంగా తీసుకుంటాం. ‘ఇబాదత్ కోసం వచ్చినవాళ్ళం, ఆ మాత్రం చూసీ చూడనట్టు పోవద్దా?’ అనుకుంటాం. మరునాడు అదే కానిస్టేబుల్ పక్క చౌరస్తాలో మన పిల్లవాడిని ఆపి, హెల్మెట్ ఏదని అడిగి, చలానా రాస్తే మాత్రం మన నోట వచ్చే మాట వేరు. ‘ఇంతమంది పోతున్నారు, మావాడొక్కడే కనబడ్డాడా?’ అంటాం. నిన్న మనకు మేలు చేసినదీ, నేడు మనకు కష్టం కలిగించినదీ ఒకే అధికారమన్న సంగతి మనకు తట్టదు. దాని పేరే విచక్షణాధికారం. ఎవరిని ఆపాలి, ఎవరిని పోనివ్వాలి, ఎవరికి హెచ్చరికతో సరిపెట్టాలి, ఎవరి మీద కేసు రాయాలి అని అక్కడికక్కడ నిర్ణయించుకునే వీలు. ఈ అధికారం గురించి మన వైఖరి ఏమిటి, ఏమై ఉండాలి అన్న విషయం ఈ వారం కాస్త నిదానంగా ఆలోచిద్దాం.

చట్టం వదిలిన చోటు

దేశమంతటా వాహనాలకు సంబంధించిన మూల చట్టం 1988 నాటి మోటారు వాహనాల చట్టం. ఇది 1989 జూలై 1 నుంచి అమల్లో ఉంది. అందులో నేరాల జాబితా ఉంది, శిక్షల జాబితా ఉంది. అయితే ప్రతి నేరాన్నీ కోర్టుకు తీసుకుపోవడం అసాధ్యం కనుక 200వ సెక్షన్ ఒక దారి చూపింది. కొన్ని నేరాలను నిర్ణీత సొమ్ము కట్టించుకుని అక్కడితో ముగించవచ్చు. ఏ హోదా అధికారి, ఏ నేరానికి, ఎంత సొమ్ము తీసుకోవచ్చునో రాష్ట్ర ప్రభుత్వం గెజిట్ ద్వారా నిర్ణయిస్తుంది. మనం చలానా అంటున్నది దీన్నే.

చట్టమే కొంత సడలింపు కూడా ఇచ్చింది. ఆర్.సి., ఇన్సూరెన్సు వంటి పత్రాలు ఆ క్షణాన దగ్గర లేకపోతే పదిహేను రోజుల్లో చూపడానికి వీలుంది. 2018 నుంచి ఫోనులోని డిజిలాకర్ పత్రాలు కూడా చెల్లుతున్నాయి. బండిని స్వాధీనం చేసుకునే అధికారం 207వ సెక్షన్‌లో ఉంది గానీ దానికి కారణాలు లెక్కపెట్టి చెప్పారు. లైసెన్సు లేకుండా నడపడం, వయసు చాలకుండా నడపడం, రిజిస్ట్రేషన్ లేకపోవడం, పర్మిట్ లేకపోవడం లేదా దాని షరతులు మీరడం వంటివి ఆ కారణాలు. హెల్మెట్ లేకపోవడం ఆ జాబితాలో లేదు. ఈ సంగతి ఎరిగిన వారు మనలో ఎంతమంది? తెలియదు కనుకనే బండి తాళం లాక్కున్నప్పుడు బతిమాలుకోవడం తప్ప మరో మార్గం లేదనుకుంటాం.

పైనున్న ప్రభుత్వాలు కూడా విచక్షణ వాడతాయి. 2019 సెప్టెంబరు 1 నుంచి సవరించిన చట్టం అమల్లోకి వచ్చి జరిమానాలు ఒక్కసారిగా పెరిగాయి. హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయలు, లైసెన్సు లేకపోతే అయిదు వేలు, తాగి నడిపితే మొదటిసారి పది వేల వరకు అన్నారు. అదే నెలలో గుజరాత్ ప్రభుత్వం పలు జరిమానాలను తగ్గించింది. ఆంధ్రప్రదేశ్ 2020 అక్టోబరులో పెంచిన మొత్తాలను ప్రకటించింది. తెలంగాణ ఆనాడు ఆ పెంపు జోలికి పోకుండా పాత మొత్తాలతోనే కొనసాగింది. పార్లమెంటు చేసిన ఒకే చట్టం మూడు రాష్ట్రాల్లో మూడు విధాలుగా అమలయింది. రోడ్డు మీద కానిస్టేబుల్ చేసేది చిన్న ఎత్తున ఇదే.

కనుక విచక్షణ అనేదే ఉండకూడదని వాదించడం అర్థం లేని పని. పురిటి నొప్పులతో ఉన్న స్త్రీని ఆసుపత్రికి తీసుకుపోతున్న ఆటోను ఆపి పొల్యూషన్ సర్టిఫికెట్ అడిగే పోలీసును ఎవరు మెచ్చుకుంటారు? విచక్షణ ఎవరి పక్షాన, ఏ కారణంతో పనిచేస్తున్నదన్నదే ప్రశ్న.

టోపీ హెల్మెట్ కాదు

ముందు మన వైపు చూసుకుందాం. జుమా రోజున తెల్లని కుర్తా పైజమా, తల మీద టోపీ, వెనుక ఇద్దరు తమ్ముళ్ళు, హెల్మెట్ లేదు. ఇలా పోయే యువకుణ్ణి పోలీసులు చాలాసార్లు ఆపరు. ఆపితే ‘నమాజుకు పోతున్నాం సాబ్’ అన్న ఒక్క మాట చాలు. హెల్మెట్ నుంచి చట్టం స్వయంగా మినహాయించింది తలపాగా ధరించిన సిక్కులను. మనకు అటువంటి మినహాయింపు లేదు, మనం అడగనూ లేదు. మరి లేని మినహాయింపును నమాజు పేరుతో వాడుకోవడం ఏం న్యాయం?

పైగా ఈ దయ మనకు మేలు చేస్తోందా? కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలోని రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో దాదాపు నూటికి 44 మంది ద్విచక్రవాహనాల మీద ఉన్నవారే. ఆ ఏడాది హెల్మెట్ లేకుండా చనిపోయినవారు 50,029 మంది. అందులో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. కానిస్టేబుల్ ‘పోనీలే’ అని వదిలిపెట్టిన ప్రతిసారీ మనం నవ్వుకుంటూ ముందుకు పోతున్నాం గానీ ఎటు పోతున్నామో చూసుకోవడం లేదు.

షబే బరాత్ వంటి రాత్రుల్లో హైదరాబాదు పోలీసులు ఫ్లైఓవర్లు మూసివేస్తారు. ఎందుకు మూస్తారో మనకందరికీ తెలుసు. తల్లిదండ్రులు మసీదుల్లోనూ కబరస్తాన్లలోనూ దుఆ చేస్తుంటే, కొందరు కుర్రాళ్ళు బండి ముందు చక్రం పైకెత్తి పందేలు కాస్తుంటారు. కొద్దిమంది చేసిన పనికి అంబులెన్సుతో సహా నగరమంతా చుట్టు తిరిగి పోవాల్సి వస్తోంది. అక్కడ పోలీసులు ఒక్కొక్కరిని విచారించి వదిలే పద్ధతి మాని, అందరికీ కలిపి దారి మూశారు. విచక్షణకు తగినవారం కామని మన పిల్లలే రుజువు చేస్తున్నారు. ఇది చెప్పుకోవడానికి బాధగానే ఉంటుంది. అయినా చెప్పుకోకపోతే మిగతా మాటలు చెప్పే హక్కు మనకు ఉండదు.

మనసులో ముల్లు

ఇక రెండో వైపు. మన బస్తీల్లో పోలీసు మీద ఉన్న అనుమానం ఉత్తపుణ్యానికి పుట్టింది కాదు. తెల్లవారుజామున బస్తీని చుట్టుముట్టి ఇల్లిల్లూ తలుపు తట్టి, పత్రాలు చూపలేని బండ్లను వరుసగా పట్టుకుపోయే ‘కార్డన్ సెర్చ్’లు హైదరాబాదు ప్రజలకు ఏళ్ళ తరబడి పరిచయమే. ఇవి ఎక్కువగా పేదల బస్తీల్లోనే జరుగుతాయి. పత్రాలు లేని బండ్లు పెద్ద బంగళాల కాలనీల్లో ఉండవా అని అడిగితే జవాబు లేదు.

కామన్ కాజ్ సంస్థ, సి.ఎస్.డి.ఎస్.కు చెందిన లోక్‌నీతి విభాగం కలిసి 2019లో ఒక నివేదిక వెలువరించాయి. 21 రాష్ట్రాల్లో దాదాపు పన్నెండు వేల మంది పోలీసు సిబ్బందిని ప్రశ్నించి తయారుచేసిన నివేదిక అది. ముస్లింలలో స్వతహాగానే నేరాల వైపు మొగ్గు ఉంటుందనే అభిప్రాయాన్ని వారిలో దాదాపు సగం మంది ఎంతో కొంత మేరకు సమర్థించారు. ఇది మన ఆరోపణ కాదు, పోలీసులే తమ నోటితో చెప్పినది. ఇటువంటి అభిప్రాయం మనసులో ఉన్న మనిషి చేతికి ‘నీకు తోచినవాణ్ణి ఆపు’ అని అధికారం ఇస్తే అతనికి ఎవరు తోస్తారు? గడ్డం ఉన్నవాడు తోస్తాడు, బురఖాలో ఉన్న తల్లిని వెనుక కూర్చోబెట్టుకున్న కొడుకు తోస్తాడు. అందరు పోలీసులూ ఇలాంటివారని మేము అనడం లేదు. జుమా రోజున మన బండ్లను చూసి చూడనట్టు పోనిచ్చేదీ పోలీసే. కానీ ఒకరి మంచితనం మీద ఆధారపడి బతకడం వేరు, హక్కుగా న్యాయం పొందడం వేరు.

మన ఫిర్యాదు నిజమే అనుకుందాం. రుజువు చేయగలమా? ఇక్కడే మనం వెనుకబడి ఉన్నాం. అమెరికాలో నల్లజాతి వారు ఎంతోకాలంగా ఇదే మాట అంటూ వచ్చారు, వాళ్ళ రంగు చూసి కార్లు ఆపుతున్నారని. 2020లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు అక్కడి పోలీసులు కార్లు ఆపిన దాదాపు పది కోట్ల ఘటనల వివరాలను పరిశీలించి ఫలితాలు ప్రకటించారు. పొద్దు గూకి, నడిపేవారి మొహం కనబడని వేళకు ఆపబడినవారిలో నల్లవారి వాటా తగ్గుతున్నదని తేలింది. అంటే వెలుతురులో వారిని ఆపుతున్నది వారి డ్రైవింగు ఒక్కటే చూసి కాదన్నమాట. ఆ మాట లెక్కలతో తేలడానికి కారణం, ఆపిన ప్రతిసారీ పోలీసు ఎక్కడో ఒకచోట రాసి ఉంచడమే. మన దగ్గర చలానా రాసినవారి లెక్క ఉంటుంది. ఆపి, నిలబెట్టి, మాటలని వదిలేసినవారి లెక్క ఎక్కడా ఉండదు. లెక్క లేని చోట అనుమానం పెరుగుతుంది. ఆ అనుమానమే ఎవరో ఒకరికి రాజకీయంగా అక్కరకొస్తుంది.

యంత్రానికి కళ్ళున్నాయి, మనసు లేదు

‘మనిషిని తీసేసి కెమెరా పెడితే పీడ పోతుంది, కెమెరాకు మతం లేదు’ అనేవారు ఉన్నారు. ఇందులో కొంత నిజముంది. చేతికి సొమ్ము అందే రోజులు తగ్గాయి. రసీదు లేకుండా జేబులోకి పోయే నోట్లు తగ్గాయి. కెమెరా నంబరు ప్లేటును చూస్తుంది, గడ్డాన్ని చూడదు.

అయితే కెమెరాను ఏ చౌరస్తాలో పెట్టాలో నిర్ణయించేది మనిషే. కానిస్టేబుల్ తన చేతిలోని కెమెరాతో ఎవరి వెనుక నిలబడి ఫోటో తీయాలో నిర్ణయించుకునేదీ మనిషే. విచక్షణ పోలేదు, ఒక చోటి నుంచి మరో చోటికి జరిగింది, అంతే. ముందు మొహాముఖి ‘సాబ్, ఈసారికి వదిలేయండి’ అని అడిగే వీలుండేది. ఇప్పుడు నెల తర్వాత ఫోనుకు చలానా వస్తుంది. ఏ రోజు, ఎక్కడ, ఎందుకు అని గుర్తు తెచ్చుకునేలోపు రెండోది వస్తుంది.

ఇలా పేరుకుపోయిన చలానాల మీద ప్రభుత్వం ఏం చేసిందో చూడండి. 2022 మార్చిలో తెలంగాణలో పాత చలానాలకు భారీ రాయితీ ప్రకటించారు. ద్విచక్రవాహనాల వారు నూటికి 25 వంతులు కడితే చాలన్నారు. గడువు పొడిగించారు కూడా. 2023 డిసెంబరు చివర మరోసారి ద్విచక్రవాహనాలకు 80 శాతం, కార్లకు 60 శాతం, ఆర్టీసీ బస్సులకు, తోపుడు బండ్లకు 90 శాతం రాయితీ ఇచ్చారు. ఆ గడువూ పొడిగించారు. పేదవాడికి ఊరట కలిగింది, సంతోషమే. కానీ దీనివల్ల జనం నేర్చుకున్న పాఠం ఏమిటి? చలానా రాగానే కట్టినవాడు అమాయకుడు, రెండేళ్ళు ఆగినవాడు తెలివైనవాడు. తప్పు చేసినవాడి పరిస్థితి చూసి చూపే దయ వేరు, బకాయిలు వసూలు కావడం లేదని చూపే దయ వేరు. మొదటిది న్యాయంలో భాగం, రెండోది బేరం.

యంత్రం మరొక పని కూడా చేయలేదు. తప్పు ఎవరిదో అది చూడలేదు. పది నిమిషాల్లో సరుకు ఇంటికి చేరాలని కంపెనీ గడియారం పెడుతుంది. ఆ గడియారానికి భయపడి కుర్రవాడు సిగ్నల్ దాటుతాడు. కెమెరాకు కుర్రవాడి నంబరు ప్లేటే కనబడుతుంది, గడియారం పెట్టినవారు కనబడరు. మన మొహల్లాల్లో ఇటువంటి పనుల్లో ఉన్న పిల్లలు తక్కువ మంది కారు. రోజు సంపాదనలోంచి చలానా కట్టేది వాళ్ళే.

మన సంప్రదాయం ఏమి నేర్పింది?

విచక్షణ అనే ప్రశ్న ఇస్లామీయ న్యాయశాస్త్రానికి కొత్త కాదు. కొన్ని నేరాలకు శిక్ష నిర్ణయమై ఉంటుంది, వాటిని హుదూద్ అంటారు. మిగతా అనేక తప్పులకు ఎంత శిక్ష, ఏ విధమైన శిక్ష అన్నది తీర్పరి వివేకానికి వదిలిపెట్టారు, దాన్ని తాజీర్ అంటారు. మందలింపు కూడా తాజీరే. ఈనాటి ట్రాఫిక్ నిబంధనలను ఈ రెండో కోవలోనే చూడాలి.

హజ్రత్ ఉమర్ (రజి) పాలనలో హిజ్రీ 18లో భయంకరమైన కరువు వచ్చింది. ఆకలికి తాళలేక దొంగిలించినవారికి ఆయన చేతులు నరికే శిక్షను నిలిపివేశారు. మరో సందర్భంలో హాతిబ్ (రజి) గారి బానిసలు ఒకరి ఒంటెను దొంగిలించి కోసుకు తిన్నారు. విచారించగా యజమాని వారిని ఆకలితో మాడుస్తున్నాడని ఉమర్ (రజి) గ్రహించారు. బానిసలను వదిలిపెట్టి, ఒంటె ఖరీదుకు రెట్టింపు సొమ్మును యజమాని చేత కట్టించారు. దయ చూపారు గానీ ఒంటె పోగొట్టుకున్నవాడికి అన్యాయం జరగనివ్వలేదు. శిక్షను రద్దు చేయలేదు, దాన్ని అసలు బాధ్యుడి మీదికి మళ్ళించారు. మన చట్టం కూడా 2019 సవరణలో ఒక విషయంలో ఈ బాట పట్టింది. మైనరు పిల్లవాడు బండి నడిపితే తండ్రి లేదా వాహన యజమాని పాతిక వేల జరిమానాకు, మూడేళ్ళ వరకు జైలుకు పాత్రుడవుతాడు. గడియారం పెట్టిన కంపెనీ వరకూ ఆ బాట ఇంకా చేరవలసి ఉంది.

దయకు హద్దు ఎక్కడో చెప్పే ఘటన కూడా మనకు తెలిసినదే. మఖ్‌జూం తెగకు చెందిన ఒక గొప్పింటి స్త్రీ దొంగతనం చేసి పట్టుబడింది. ఆమెను ఎలాగైనా తప్పించాలని ఖురైషులు, దైవప్రవక్త (స)కు ఎంతో ప్రియమైన ఉసామా (రజి) చేత సిఫారసు చేయించారు. ప్రవక్త (స) ముఖం ఎర్రబడింది. గొప్పవాడు తప్పు చేస్తే వదిలిపెట్టి, బలహీనుడు చేస్తే శిక్షించడం వల్లనే పూర్వపు జాతులు నాశనమయ్యాయని హెచ్చరించారు. తన కన్నకూతురు ఫాతిమా చేసినా ఇదే తీర్పు ఉంటుందని స్పష్టం చేశారు.

ఈ రెండు ఘటనలను పక్కపక్కన పెట్టి చూడండి. ఆకలిని చూసి దయ చూపారు, హోదాను చూసి చూపలేదు. ఇదే కొలత. ఇప్పుడు మన చౌరస్తాకు రండి. మన దగ్గర జరుగుతున్నది సరిగ్గా దీనికి తలకిందులు. ఆసుపత్రికి పరుగెడుతున్న ఆటోవాలా చలానా కట్టి పోతాడు. కార్పొరేటరు చేతనో ఎమ్మెల్యే మనిషి చేతనో ఫోను చేయించగలిగినవాడు చిరునవ్వుతో పోతాడు. ఆ ఫోను చేయించడాన్ని మనం తప్పుగా కూడా అనుకోం. ‘పలుకుబడి’ అంటాం. ఉసామా (రజి) అంతటివారి సిఫారసే చెల్లనప్పుడు మన పైరవీ ఎలా ధర్మమవుతుంది?

లంచం సంగతీ అంతే. పుచ్చుకున్నవాడితోపాటు ఇచ్చినవాడు కూడా శాపానికి గురవుతాడని హదీసు. జకాత్ వసూలుకు పోయి వచ్చిన ఒక అధికారి కొంత సొమ్మును తనకు కానుకగా వచ్చినదని వేరు చేసినప్పుడు ప్రవక్త (స) మిక్కిలి ఆగ్రహించారు. తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక అతణ్ణి వెతుక్కుంటూ వచ్చేదా అని అడిగారు. చౌరస్తాలో ‘చాయ్ పానీ’ ఇచ్చేటప్పుడు మనం వేసుకోవలసిన ప్రశ్న ఇదే. యూనిఫారం లేకపోతే ఆ వందనోటు ఇస్తామా?

మధ్యయుగాల ముస్లిం నగరాల్లో బజారులనూ వీధులనూ పర్యవేక్షించే ముహ్తసిబ్ అనే అధికారి ఉండేవాడు. క్రీ.శ. 1058లో మరణించిన అల్ మావర్దీ తన గ్రంథంలో అతని విధులు వివరించారు. పడవల్లో మితిమీరి ఎక్కించకుండా చూడడం, వీధిలోకి కట్టడాలు పొడుచుకు రాకుండా ఆపడం అతని పనులు. అదే సమయంలో కంటికి కనబడని తప్పుల కోసం కూపీలు లాగే హక్కు అతనికి లేదన్నారు. తప్పు కనబడితే దిద్దాలి, మనిషిని చూసి తప్పును వెతకరాదు. ట్రాఫిక్ పోలీసుకు ఇంతకంటే మంచి సూత్రం ఏముంది?

ఏమి కోరాలి, ఏమి చేయాలి?

విచక్షణకు హద్దు గీయడం సాధ్యమేనని మన హైకోర్టే చూపింది. తాగి నడిపినవారి వాహనాలను పోలీసులు స్వాధీనం చేసుకుంటున్న పద్ధతి మీద 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది. తాగినవాణ్ణి నడపనివ్వరాదు, కేసు పెట్టవచ్చు. కానీ తాగినంత మాత్రాన బండిని పట్టుకుపోరాదు. పక్కన తాగని, లైసెన్సు ఉన్న మనిషి ఉంటే అతనికి అప్పగించాలి, లేదా బంధువులను పిలిపించి ఇవ్వాలని ఆదేశించింది. మద్యం మనకు నిషిద్ధం కనుక ఆ తీర్పుతో మనకేమి పని అనుకోరాదు. శిక్ష నేరానికి సరిపోవాలి, పోలీసుకు తోచినంత ఉండరాదనే సూత్రం అందరిదీ.

ఈ బాటలో కోరవలసినవి మరికొన్ని ఉన్నాయి. ఆపిన ప్రతి వాహనం గురించీ, ఎందుకు ఆపారో, ఏమి చేసి పంపారో ఒక్క ముక్క నమోదు కావాలి. హెచ్చరించి వదిలినా అది రాసి ఉండాలి. ఏ పోలీసు స్టేషను పరిధిలో ఎన్ని చలానాలు, ఎన్ని బండ్ల స్వాధీనం అన్న లెక్కలు ప్రజల ముందు పెట్టాలి. చట్టాన్ని అమలు చేయవలసిన అధికారి స్వయంగా తప్పు చేస్తే రెట్టింపు శిక్ష అని 2019 సవరణలో 210బి సెక్షన్ చెబుతోంది. దాన్ని కాగితం మీద వదలకుండా అమలు చేయాలి. ఈ కోరికలు ముస్లింల కోసం ప్రత్యేకం కావు. దళిత వాడలో కూలికి పోయే యువకుడికీ, పల్లె నుంచి నగరానికి వచ్చిన ఆటోడ్రైవరుకూ ఇవే కావాలి. అందరి కోసం అడిగినప్పుడే మన మాటకు బలం.

ఇక మనం చేయవలసినవి. ప్రతి మసీదు కమిటీ జుమా రోజున నలుగురు యువకులను బండ్లు సర్దించే పనికి పెట్టలేదా? ఒక పక్క దారి విడిచి, వరుసలో నిలిపితే బస్సు ఆగదు, కానిస్టేబుల్ దయ అవసరం ఉండదు. ఖతీబ్ గారు ఏడాదికి రెండుసార్లయినా మింబరు మీద నుంచి హెల్మెట్ మాట చెప్పలేరా? పైరవీ ఫోను మా ఇంట్లో ఎవరూ చేయరని పెద్దలు నిశ్చయించుకోలేరా? ఇవి అసాధ్యమైనవి కావు. 2023లో మీలాద్ పండుగ, గణేశ్ నిమజ్జనం ఒకే రోజున వచ్చినప్పుడు హైదరాబాదులో మీలాద్ జులూస్ నిర్వాహకులు తమంతట తాము ఊరేగింపును మూడు రోజులు వాయిదా వేసుకున్నారు. రోడ్డు మీద తమ హక్కును తామే కొంత తగ్గించుకున్నారు. నగరమంతా దాన్ని మెచ్చుకుంది. మనలో ఆ వివేకం ఉంది. ఏటా ఒక రోజు కనబడినది ప్రతి శుక్రవారం కనబడాలి.

దారిన పోయేవారికి అడ్డుగా ఉన్నదాన్ని తొలగించడం కూడా విశ్వాసంలో ఒక భాగమని దైవప్రవక్త (స) బోధించారు. దారి పక్కన కూర్చునేవారు సైతం దారికి దాని హక్కు చెల్లించాలని, ఎవరికీ హాని కలిగించకుండా ఉండడం అందులో ఒకటని వివరించారు. ముల్లును తీసిపారేస్తేనే పుణ్యమైనప్పుడు, దారికి అడ్డంగా మన బండినే నిలిపి లోపలికి పోయి సజ్దా చేయడం ఎంతవరకు సబబు? న్యాయం విషయంలో సొంతవారికి, చివరికి తనకు వ్యతిరేకంగానైనా నిలబడమని దివ్య ఖుర్ఆన్ నిసా సూరాలో విశ్వాసులను ఆదేశించింది. పోలీసును న్యాయం అడిగే ముందు మన బండిని సరిగ్గా నిలుపుదాం. ఆ తర్వాత అడిగే ప్రశ్నను ఎవరూ కాదనలేరు.

వచ్చే జుమా నాడు మీ మసీదు ముందు నిలబడే ఆ కానిస్టేబుల్‌ను ఒకసారి పలకరించండి. ఎండలో నిలబడి మన బండ్ల మధ్య నుంచి బస్సులను దాటించే మనిషి అతను. అతని దయ అవసరం లేని రోజు తెచ్చుకుందాం. అతని అన్యాయాన్ని ధైర్యంగా అడగగలిగిన రోజు కూడా అదే అవుతుంది. అల్లాహ్ మనకు ఆ బుద్ధినీ ఆ బలాన్నీ ప్రసాదించుగాక. ఆమీన్.